ముప్పై ఆరేళ్లకు బైపీసీ

పదో తరగతి జీవశాస్త్రం పరీక్షలో గుండె బొమ్మ వేసి, నాలుగు గదులకూ పేర్లు రాసి బయటికి వచ్చాను. అది 2000 మార్చి. ఆ బొమ్మతో మళ్లీ పని పడుతుందని ఎవరైనా అని ఉంటే నవ్వేసేదాన్ని. మా ఇంట్లో ఎంపీసీయా, బైపీసీయా అన్న చర్చే రాలేదు. అన్నయ్యది ఎంపీసీ, బాబాయి పిల్లలది ఎంపీసీ, నాదీ అదే. ఎంసెట్, కౌన్సెలింగ్, ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్, 2006లో పట్టా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, పెళ్లి, 2012లో అమెరికా. మా ఈడు ఆడపిల్లల్లో చాలామంది కథ ఇదే, ఊళ్ల పేర్లు మార్చుకుంటే చాలు.

డల్లాస్ శివారులో దిగిన కొత్తలో నాది హెచ్4 వీసా, ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల కుటుంబానికి ఇచ్చేది. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. 2015లో నిబంధన మారి, హెచ్4 మీద ఉన్న కొందరికి పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన గ్రీన్‌కార్డు కాగితాలు ఆ మెట్టు ఎక్కేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది. అనుమతి కార్డు చేతికి వచ్చేనాటికి చంకలో పాప ఉంది, నాకు తెలిసిన టెస్టింగ్ పరికరాలన్నీ పాతబడి ఉన్నాయి. మళ్లీ నేర్చుకోవచ్చు. నేర్చుకోవాలని అనిపించలేదు, అంతే.

నర్సింగ్ వైపు నన్ను తిప్పింది మా అపార్టుమెంట్లలోనే ఉండే ఒక పెద్దాయన. 2021 వేసవిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత కోలుకోవడానికి నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలోలా చిన్న ఆసుపత్రి కాదు. ముసలివాళ్లు, మెల్లగా కోలుకునేవాళ్లు వారాలు, నెలలు, ఒక్కోసారి చివరిదాకా ఉండే చోటు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లాలి. ఆయనకేమో నొప్పి ఎక్కువైతే ఇంగ్లిషు నోటికి రాదు. "మధ్యాహ్నాలు కాస్త వెళ్లి కూర్చోగలవా అక్కా" అని ఆ కోడలు అడిగింది. వెళ్లాను.

అక్కడ నైజీరియా నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేవారు. రోజూ దుప్పటిని కాళ్ల వైపు నుంచి ఎత్తి ఆయన మడమలు చూసేవారు. రంగు మారినట్టున్న చోట వేలితో నొక్కి, వదిలి, మళ్లీ చూసేవారు. నొక్కిన చోటు తెల్లబడి తిరిగి రంగు వస్తే ఫరవాలేదు. తెల్లబడకుండా ఎర్రగా అలాగే ఉండిపోతే లోపల దెబ్బతినడం మొదలైనట్టే. పడక పుండుకు అది తొలి మెట్టు. మనలాంటి చామనచాయ ఒంటి మీద, వాళ్లలాంటి నల్లని ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. అందుకని పక్క చర్మంతో పోల్చుతూ వేళ్ల వెనకవైపుతో వేడి చూడాలని, గట్టిపడిందేమో తడిమి చూడాలని నాకు చూపించారు. ఆ పనే నన్ను పట్టేసింది. సేవ అనీ త్యాగం అనీ చాలామంది రాస్తారు, నేనూ ఒకసారి రాసి భంగపడ్డాను, ఆ సంగతి తరువాత చెబుతాను. నాకు నచ్చింది మాత్రం పైకి కనిపించని తప్పును ముందే పట్టుకోవడం. ఆరేళ్లపాటు నేను బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో చేసిన పని అదే. ఆవిడ అదే పనిని ఒక మనిషి మడమ మీద చేస్తున్నారు.

వేరే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఇక్కడ కుదించిన నర్సింగ్ డిగ్రీ ఉంది. యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అంటారు. నాలుగేళ్ల చదువును దాదాపు పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో పూర్తి చేయిస్తారు. 1971లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి, ఇప్పుడు దేశమంతటా ఉంది. మన దగ్గర ఈ దారి లేదు. బీటెక్ చేసినా ఎంబీఏ చేసినా బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లూ మొదటి నుంచీ చదవాల్సిందే.

దారి ఉందన్నమాటే గానీ ఇరుకుది. అర్హతలన్నీ ఉండి కూడా తిప్పి పంపిన దరఖాస్తులు 2021లో 91,938 అని అమెరికా నర్సింగ్ కళాశాలల సంఘం లెక్క తేల్చింది. దరఖాస్తులు అని గమనించాలి, మనుషులు కాదు. ఒకరే నాలుగు చోట్ల పెట్టుకుంటే నాలుగు. అయినా చిన్న సంఖ్య కాదు. నర్సులు చాలడం లేదని ఒకవైపు గోల, చదువుతామని వచ్చేవాళ్లకు చోటు లేదని మరోవైపు. చెప్పేవాళ్లు దొరకరు. పీజీ చేసిన నర్సుకు పాఠం చెబితే వచ్చే జీతం కంటే ఆసుపత్రిలో వచ్చేదే ఎక్కువ. శిక్షణకు ఆసుపత్రులు చోట్లు కూడా లెక్కపెట్టి ఇస్తాయి. ఈ సంగతులన్నీ నాకు మొదటి తిరస్కరణ ఉత్తరం వచ్చాకే తెలిశాయి. ముందే తెలిసి ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదేమో, అందుకని తెలియకపోవడమే మంచిదైంది.

మొదటి పని, నా బీటెక్ ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీతో సమానమని కాగితం సంపాదించడం. విదేశీ చదువులను అమెరికా లెక్కల్లోకి మార్చి చెప్పే సంస్థలున్నాయి. వాటికి మనం మార్కుల జాబితాలు పంపితే చెల్లదు. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగమే వాటిని ధ్రువీకరించి, కవరులో పెట్టి, అంటించి, అతుకు మీద ముద్ర వేసి పంపాలి. ఆ పని మా తమ్ముడి నెత్తిన పడింది. మొదటిసారి వెళ్తే చలానా వేరే ఖాతాకు కట్టారన్నారు. రెండోసారి వెళ్తే సంతకం చేయాల్సిన అధికారి పరీక్షల పని మీద ఊరు వెళ్లారన్నారు. మూడోసారి కవరు చేతికి వచ్చింది కానీ, ముద్ర అతుకు మీద కాకుండా కవరు మధ్యలో, తపాలా బిళ్లలా అందంగా పడింది. ఆ కవరు సముద్రాలు దాటి వచ్చి మరీ చెల్లదనిపించుకుంది. నాలుగోసారి తమ్ముడు కౌంటరు దగ్గర నిలబడి, "సార్, ముద్ర సగం మూత మీద, సగం కవరు మీద పడాలండి" అన్నాడట. "మాకు చెబుతున్నావా బాబూ, ముప్పై ఏళ్ల సర్వీసు" అంటూనే ఆ గుమస్తా సరిగ్గా వేశారట. ఆ మాటను తమ్ముడు ఇప్పటికీ పెళ్లిళ్లలో అనుకరించి చూపిస్తాడు.

దీనికి ఐదు నెలలు. చివరికి వచ్చిన నివేదికలో నాకు అరవై దాటిన పేపర్లన్నీ ఏ గ్రేడులుగా మారాయి, మా నాన్న చూసి ఉంటే ఫ్రేము కట్టించేవారు. ఎం3, అంటే మూడో గణితం పేపరు, మొదటిసారి తప్పిన సంగతి కూడా నిక్కచ్చిగా ఎక్కింది. పదిహేడేళ్ల కిందటి ఎం3 బ్యాక్‌లాగ్‌కు నా అమెరికా చిరునామా దొరికింది! నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి నేను గట్టెక్కాను. మూడేళ్ల బీకాం, బీఎస్సీలను చాలా కళాశాలలు ఇక్కడి డిగ్రీతో సమానంగా చూడవు. నాతోపాటు అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) క్లాసులో చేరిన ఒక తెలుగావిడది బీకాం. ఈ కుదించిన కోర్సు ఆలోచన మానేసి, కమ్యూనిటీ కాలేజీ అనే స్థానిక కళాశాలలోనే రెండేళ్ల నర్సింగ్ డిగ్రీలో చేరింది. మొన్న మే నెలలో పూర్తి చేసి, లైసెన్సు పరీక్ష రాసి, ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరిపోయింది. వేగంగా నర్సు కావాలని వేగం కోర్సు వెంట పడ్డ నేను ఇంకా చేరనే లేదు. ఈ లెక్క మా ఆయన అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటారు, నేనే నవ్వుతాను.

ఇక ముందుగా చదివి రావాల్సిన సబ్జెక్టులు. అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలు ప్రయోగశాలతో సహా, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, పోషకాహారం, మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఎదుగుదల గురించిన మనస్తత్వశాస్త్రం. సైన్సు సబ్జెక్టులు ఐదేళ్ల లోపు చదివినవై ఉండాలని చాలా చోట్ల నియమం. నా బీటెక్‌లో ప్రాబబిలిటీ ఒక సంవత్సరం చదివానని వాదించి చూశాను. స్టాటిస్టిక్స్ అన్న పేరు లేదు కాబట్టి కాదన్నారు.

వీటితో అయిపోలేదు. టెక్సాస్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ పుచ్చుకోవాలంటే అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు, ప్రభుత్వ వ్యవస్థ ఆరు క్రెడిట్లు ఉండి తీరాలని రాష్ట్ర చట్టం. ఇక్కడ డిగ్రీ చేసినవాళ్లు అవి ఎప్పుడో చదివేసి ఉంటారు. సబ్జెక్టుకు మూడు క్రెడిట్ల లెక్కన నాకు నాలుగు సబ్జెక్టులు అదనం. ఇంజెక్షన్ ఇవ్వడానికి అలామో కోట యుద్ధం ఎందుకయ్యా అని విసుక్కుంటూ చేరాను. చేరాక, ఒప్పుకోవాలి, అన్నిటికంటే ఆనందంగా చదివింది అదే. 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగాన్ని ఇప్పటికి ఐదు వందలసార్లకు పైగా సవరించారు. మన రాజ్యాంగానికి 2023 నాటికి 106 సవరణలైతేనే మనం అమ్మో అనుకుంటున్నాం. ఆ పరీక్షలో ఈ పోలిక రాస్తే ప్రొఫెసర్ పక్కన ఎర్ర సిరాతో ఒక నవ్వు ముఖం గీశారు.

అనాటమీ సాయంత్రం క్లాసు. ఆరున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు అయ్యేది. పక్కన కూర్చునేవాళ్లకు పద్దెనిమిదేళ్లు, నాకు అందులో రెట్టింపు. రెండో నెలలో బల్ల మీద పిల్లిని పెట్టారు, రసాయనాల్లో నిల్వ చేసినది. చర్మం ఒలిచి కండరాలను ఒక్కొక్కటీ విడదీసి పేరు చెప్పాలి. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. అత్తయ్య వీడియో కాల్‌లో "ఇవాళ ఏమి చదివావమ్మా" అని అడిగితే కండరాలు అన్నాను. ఎవరివో చెప్పలేదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి: స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రం, పిసిఫామ్, ట్రపీజియం, ట్రపిజాయిడ్, కాపిటేట్, హామేట్. క్లాసులో పిల్లలు వాటిని గుర్తుపెట్టుకోవడానికి ఏదో కొంటె వాక్యం చెప్పుకుని నవ్వుకునేవారు, నాకు ఎంతకీ ఎక్కలేదు. ఒకరోజు అంట్లు తోముతూ నేనే ఒకటి కట్టుకున్నాను: "సీత లడ్డూలు తెచ్చి పెట్టింది, తాతయ్య తిని కాఫీకి హడావిడి చేశాడు." మొదటి అక్షరాలు చూసుకోండి, వరుస తప్పదు. మా పాపకు కూడా వచ్చేసింది. బడిలో ఎవరి చెయ్యి విరిగినా సీత లడ్డూలు అంటూ బయలుదేరుతుంది.

దరఖాస్తులో రోగుల దగ్గర పనిచేసిన అనుభవం ఉంటే బరువని తెలిసి, సీఎన్ఏ శిక్షణ తీసుకున్నాను. నర్సు కింద సహాయకురాలి పని: స్నానం చేయించడం, పక్క మార్చడం, తినిపించడం, నడిపించడం. టెక్సాస్‌లో వంద గంటల శిక్షణ, తరువాత పరీక్ష. ఆ పరీక్షలో చేతులు కడుక్కోవడానికి కూడా మార్కులుంటాయి, ఇరవై సెకన్లకు తగ్గితే పోయినట్టే. పాస్ అయ్యాను. పెద్దాయన ఉన్నచోటు కాదు గానీ, అలాంటి ఇంకో చోట వారానికి రెండు సాయంత్రాలు పనికి కుదిరాను.

ఈ మాట అమ్మకు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. "బీటెక్ చదివించింది ముసలివాళ్ల పక్క గుడ్డలు మార్చడానికా" అంది. తరువాత నాలుగు రోజులు ఫోను చేయలేదు. అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి జీవితమంతా అక్కడ వైద్యం చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు మీద ఉన్న ఆసుపత్రి. కాన్పు కష్టమై రెండు రోజులు తన్నుకుంటుంటే పక్కన ఉండి గట్టెక్కించిన నర్సమ్మ గురించి అమ్మమ్మ బతికినన్నాళ్లూ చేతులెత్తి దండం పెట్టి చెప్పేది. నర్సమ్మకు దండం పెట్టడానికి మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంటి పిల్ల నర్సమ్మ కావడం దగ్గరే చిక్కు.

ప్రవేశ పరీక్ష పేరు టీస్. మూడున్నర గంటలకు ఒక్క నిమిషం తక్కువ, 170 ప్రశ్నలు, నాలుగు భాగాలు: చదివి అర్థం చేసుకోవడం, గణితం, సైన్సు, ఇంగ్లిషు. ఎంసెట్ రాసినవాళ్లకు ఆ గణితం ఒక లెక్క కాదు, తెరమీద కాలిక్యులేటర్ కూడా ఇస్తారు. కానీ పౌన్లు, ఔన్సులు, గ్యాలన్లు, ఫారెన్‌హీట్లు! పన్నెండు అంగుళాలు ఒక అడుగని చిన్నప్పుడు నేర్చుకున్నాం గానీ, ఒక క్వార్టుకు ఎన్ని కప్పులో ఎవరికి తెలుసు? వంటింట్లో కొలత గ్లాసుల మీద చీటీలు అంటించుకుని నేర్చుకున్నాను. నన్ను దెబ్బ తీసింది గణితం కాదు, ఇంగ్లిషు భాగం. 37 ప్రశ్నలకు 37 నిమిషాలు. కామా ఎక్కడ పెట్టాలి, ఏ వాక్యం సూటిగా ఉంది అన్నవే ఎక్కువ. ఇరవై ఏళ్లు ఇంగ్లిషులో ఉద్యోగాలూ చదువులూ చేసి కూడా కామా దగ్గర తడబడ్డాను. మొదటిసారి 81 వచ్చింది. మంచి స్కోరే అనుకున్నాను.

2023 మొదట్లో మూడు చోట్ల దరఖాస్తు పెట్టాను. ఒకే చోట వివరాలు నింపితే చాలా కళాశాలలకు వెళ్లే ఉమ్మడి దరఖాస్తు విధానం ఉంది, నర్సింగ్‌క్యాస్ అని. చదివిన ప్రతి సబ్జెక్టూ, ప్రతి గ్రేడూ మనమే టైపు చేయాలి. బీటెక్ నాలుగేళ్ల పేపర్ల పేర్లు, మైక్రోవేవ్ ఇంజనీరింగ్‌తో సహా, ఒక ఆదివారమంతా కొట్టాను. సిఫారసు లేఖలు ఇద్దరివి. అడగడానికి నాకు ఎంత మొహమాటమో చెప్పలేను. మన పద్ధతిలో మాస్టారి దగ్గరికి వెళ్లి నా గురించి నాలుగు మంచి మాటలు రాయండి అని అడగడం ఎబ్బెట్టు. అనాటమీ ప్రొఫెసర్‌కు రాసిన మెయిలు ఆరుసార్లు చెరిపి రాశాను. ఆవిడ రెండు నిమిషాల్లో సంతోషంగా రాస్తానని జవాబిచ్చారు.

చివరిది వ్యాసం: నర్సు ఎందుకు కావాలనుకుంటున్నారు. పేజీ నిండా సేవ, కరుణ, చిన్నప్పటి నుంచి నా కల. అందులో చిన్నప్పటి కల అన్నది పచ్చి అబద్ధం, చిన్నప్పుడు నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చోవాలని ఉండేది. అంత అందంగా రాశానని మా ఆయనకు చదివి వినిపించాను కూడా.

ఏప్రిల్‌లో రెండు చోట్ల కాదన్నారు. మూడోచోట వెయిటింగ్ లిస్టు. మన రైల్వే వెయిటింగ్ లిస్టు అయితే చార్టు వేసేదాకా ఎన్నో నంబరులో ఉన్నామో తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు. ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి, నాకు ఫోను రాలేదు, అలా తెలిసింది.

ఒక కళాశాల ప్రవేశాల సలహాదారు పది నిమిషాలు మాట్లాడడానికి ఒప్పుకున్నారు. గ్రేడ్లు బాగున్నాయి, టీస్ ఇంకా పెరగాలి, వ్యాసం గుర్తుండదు అన్నారు. గుర్తుండదు అన్న మాట కంటే బాగాలేదంటేనే నయం అనిపించింది. ఆ వ్యాసం తీసుకెళ్లి అనాటమీ ప్రొఫెసర్‌కు చూపించాను. ఆవిడ పెన్సిలుతో కరుణ, సేవ, కల అన్న మాటల చుట్టూ సున్నాలు చుడుతూ పోయారు. పదకొండు సున్నాలు. చివర్లో ఒకే ప్రశ్న రాశారు: ఈ పేజీలో మీరు చేసిన పని ఎక్కడుంది?

నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక చూస్తే నిజంగానే లేదు. ఏడాదిన్నరగా వారానికి రెండు సాయంత్రాలు నేను ఒంగి ఒంగి చేస్తున్న పని ఆ పేజీలో ఒక్క వాక్యం కూడా లేదు. చెప్పుకోదగ్గ పని కాదని నేనే అనుకున్నానేమో. అమ్మకు ఉన్న మొహమాటమే నాకూ ఉందన్నమాట, నాది ఇంగ్లిషులో ఉంది, అంతే. కొత్త వ్యాసంలో మడమల గురించి రాశాను. వేలితో నొక్కి చూడడం, చామనచాయ మీద ఎరుపు కనిపించకపోవడం, ఒక రాత్రి నా చేతికి తగిలిన వేడి, నర్సును పిలవడం, ఆవిడ వచ్చి కాళ్ల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఎత్తి ఉంచడం. కరుణ అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. టీస్ కూడా మళ్లీ రాసి 89 తెచ్చుకున్నాను కాబట్టి, ఘనతంతా వ్యాసానిదే అనను.

2024లో నాలుగు చోట్ల పెట్టాను, రెండు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. మొదటిది కంప్యూటర్ ముందు కూర్చుని కెమెరాకు జవాబులు చెప్పే రకం. ఎదుట మనిషి లేకుండా నవ్వుతూ మాట్లాడడం నాకు చేతకాలేదు. రెండోదానికి మనుషులే ఉన్నారు, ఇద్దరు, ఒకరు నెరిసిన జుట్టుతో. ఇరవై నిమిషాలు. నాలుగో ప్రశ్న: పనిలో మీరు చేసిన ఒక తప్పు చెప్పండి.

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మా ఆయన సాధన చేయించారు కూడా. "పని ఎక్కువ మీద వేసుకోవడం నా తప్పు అని చెప్పు, అందరూ అదే చెబుతారు" అన్నారు. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలలో నేనూ అదే చెప్పేదాన్ని. ఆ రోజు నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

నేను పనిచేసే చోట ఒక పెద్దావిడకు పక్షవాతం వచ్చాక మింగడం కష్టమైంది. పల్చటి నీళ్లు ఇస్తే గొంతులో పట్టు దొరక్క ఊపిరితిత్తుల వైపు జారిపోతాయి. దాంతో నిమోనియా వస్తుంది. అందుకని నీళ్లయినా కాఫీ అయినా ఒక పొడి కలిపి చిక్కబరిచి ఇవ్వాలి. ఆవిడకు తేనె అంత చిక్కదనం రాసి ఉంది. చెంచాతో ఎత్తి వంచితే ధారగా పోకుండా సాగుతూ పడాలి. పొడి వేశాక బాగా తిప్పి కొద్ది నిమిషాలు ఆగాలి. రాగి జావ కాచినట్టే, కంగారుపడితే ఉండ కడుతుంది. ఆ సాయంత్రం ఇద్దరు సహాయకులు రాలేదు, నాకు పన్నెండు మంది భోజనాలు. ఆవిడ నీళ్లు, నీళ్లు అన్నారు. పక్క మంచం ఆవిడ బల్ల మీద గ్లాసు కనిపించింది, అందించాను. రెండు గుక్కలు. వెంటనే దగ్గు, కళ్ల వెంట నీళ్లు, మాట్లాడబోతే గొంతులో తడి గరగర. నిటారుగా కూర్చోబెట్టి బెల్లు నొక్కాను. నర్సు వచ్చి ఊపిరి విని, ఆక్సిజన్ చూసి, ఏమి జరిగిందని అడిగారు. గదిలో చూసినవాళ్లు లేరు. తింటుంటే దగ్గు వచ్చిందంటే సరిపోయేది, పూర్తిగా అబద్ధం కూడా కాదు. "పల్చటి నీళ్లు ఇచ్చాను" అన్నాను. నివేదిక రాయించారు. మూడు రోజులు ఆవిడ జ్వరం, ఊపిరి కనిపెట్టి చూశారు. ఏమీ కాలేదు. నన్ను మళ్లీ శిక్షణ అయ్యేదాకా రెండు వారాలు భోజనాల పని నుంచి తప్పించారు.

ఇదంతా చెప్పాను. నెరిసిన జుట్టావిడ, మరుసటి రోజు నుంచి మీరు ఏమి మార్చుకున్నారని అడిగారు. తట్ట మీద చీటీ చదివాకే గ్లాసు ముట్టుకుంటానన్నాను. "అది మీరు. మీ తరువాత వచ్చే కొత్త సహాయకురాలి సంగతి?" అన్నారు. ఇక్కడ నా పాత ఉద్యోగం అక్కరకు వచ్చింది. ఒకరు చేసిన తప్పు ఇంకొకరూ చేస్తారని టెస్టింగ్‌లో మొదటి పాఠం. పక్క మంచం ఆవిడ బల్లను గోడ వైపుకు జరపమని, చీటీని తట్ట మీదే కాకుండా మంచం తల వైపు కూడా పెట్టమని నర్సును అడిగానని, బల్ల జరిపారు గానీ తల దగ్గర చీటీ అందరికీ కనిపిస్తుంది, ఆవిడ పరువు సంగతి కూడా చూడాలని కాదన్నారని చెప్పాను. "కాదన్నందుకు మీకు ఎలా అనిపించింది?" "ఆవిడ చెప్పిందే సరైనదనిపించింది. నాకు తట్టలేదు." ఇద్దరూ ఏదో రాసుకున్నారు. బయటికి వచ్చి కారులో కూర్చుని మా ఆయనకు ఫోను చేసి, ఉన్న తప్పంతా చెప్పేశాను, ఇంక ఆశ పెట్టుకోకండి అన్నాను.

మార్చి చివరి వారంలో ఒక రాత్రి పని దిగి పార్కింగ్‌లో ఫోను చూసుకుంటే ఉత్తరం ఉంది. సీటు ఇచ్చారు. పది రోజుల్లో డిపాజిట్ కట్టాలి. హెచ్4 వాళ్లకు ఇక్కడి కేంద్ర ప్రభుత్వ విద్యారుణాలు దొరకవు, కాబట్టి ఆ డబ్బు ఎక్కడి నుంచి అన్నది ఇంకో వ్యాసం అవుతుంది. అమ్మకు చెబితే ఒక నిమిషం మాట్లాడలేదు. "బీపీ చూడడం కూడా నేర్పిస్తారా" అంది. నేర్పిస్తారన్నాను. "అయితే వచ్చినప్పుడు నాది చూడు, ఇక్కడ వాళ్లు గబగబా చూస్తారు" అంది.

సీటు వచ్చాక ఇంకో కాగితాల వరద. నేరచరిత్ర పరిశీలన, సీపీఆర్ కార్డు, మత్తుపదార్థాల పరీక్ష. గసగసాలు తింటే ఆ పరీక్షలో తేడా రావచ్చని ఎవరో చెప్పగా వారం రోజులు గసగసాల కూర మానేశాను. టీకాల దగ్గర మన చిన్నతనమంతా బయటపడుతుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి వేపాకుల మీద పడుకున్నాను కాబట్టి రక్తపరీక్షలో దానికి రక్షణ ఉందని వచ్చింది. హెపటైటిస్ బి టీకా మన చిన్నప్పుడు అందరికీ వేసేవారు కాదు, డోసులన్నీ ఇప్పుడు వేయించుకోవాలి. క్షయ పరీక్షకు చర్మం మీద సూది వేస్తే, క్షయ టీకా బీసీజీ వేయించుకున్న మనలో కొందరికి వాచి పాజిటివ్‌లా కనిపించవచ్చు. అందుకు రక్తపరీక్ష వేరే ఉంది, మన భారతీయులు ముందే అదే అడగడం మేలు.

ఆ టీకా కాగితం ఏదైనా ఉందేమో చూడమని అమ్మను అడిగాను. ఇనప్పెట్టె అడుగు నుంచి పసుపుపచ్చగా మారిన కార్డు తీసి ఫొటో పంపింది. బీసీజీ అన్నచోట తేదీ, కింద గిలికినట్టు ఒక నర్సమ్మ సంతకం. కళాశాలకు పంపితే చెల్లదన్నారు. తేదీ, సంతకం చాలవు, ఆసుపత్రి ముద్ర ఉండాలట.

ముద్ర అనగానే తమ్ముడు ఫోనులో పడీపడీ నవ్వాడు. "నేను వెళ్లి వేయించుకు రానా అక్కా, సగం కార్డు మీద, సగం బల్ల మీద?"